ఐసులో వేసిన వేలు

మా చిన్నాయన కొడుకు బొటనవేలును చొప్ప కోసే మిషను తీసుకుందని ఊళ్లో అందరూ అనుకుంటారు. మిషను వేలిని కోసింది, అంతే. దాన్ని పాడుచేసింది నేను.

ఎమ్మిగనూరు పక్కన పల్లె మాది. ఇంట్లో మగ్గం, దొడ్లో రెండు బర్రెలు. ఆ పొద్దున జొన్నచొప్ప ఇరుక్కుంటే మిషను ఆపకుండానే చెయ్యి పెట్టి లాగాడు. కుడిచేతి బొటనవేలు తెగి చొప్పలో పడింది. గాయం మీద తువ్వాలు అదిమిపట్టి వాణ్ణి జీపెక్కించాం. వేలు వెతికి తీసింది నేనే. తెగిన వేళ్లు అతికిస్తారనీ, ఐసులో పెట్టి తీసుకుపోవాలనీ ఆదోని జిన్నింగ్ మిల్లులో పనిచేసిన రోజుల్లో విన్నాను. ఎలా పెట్టాలో అడగలేదు. సోడా అంగట్లో ఐసు పగలగొట్టించి, డబ్బాలో పోసి, వేలిని అందులో వేసి, పైన మళ్లీ ఐసు కప్పాను.

"అన్నా, ఏలు భద్రమేనా?" దారి పొడుగునా వాడిదొకటే మాట.

"భద్రంరా."

కర్నూలులో కట్టు కట్టిన నర్సమ్మ వేలు ఎట్లా తెచ్చారని అడిగింది. "ఐసులోనే ఉందమ్మా" అన్నాను, ధీమాగా. మూత తీసి ఆమెకు చూపించలేదు. ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఏడు గంటల్లో హైదరాబాదు చేరాం. చేతి సర్జన్ వేలిని ట్రేలో పెట్టి చూశారు. తెల్లగా, రాయిలా బిగుసుకుపోయి ఉంది. టైముకే వచ్చారు, తెగిన అంచు కూడా బాగుంది, కానీ ఐసు నేరుగా తగిలి కండ గడ్డకట్టింది అన్నారు. వేలిలో రక్తనాళం మందం ఒక మిల్లీమీటరు. దాన్ని మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుడతారు. ఆయన గంటల తరబడి కూర్చుని కుట్టారు. మూడోరోజుకు వేలు నల్లబడింది. తీసేశారు.

పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని 1965లోనే జపానులో అతికించారట. అప్పటికి నేను పుట్టలేదు. అంత పాత విద్య మా వాడికి అందాలంటే నా దగ్గర ఉండాల్సింది ఒక ప్లాస్టిక్ కవరు.

మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ముడి వేయాలి. వాడిప్పుడు చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకుంటాడు. జారిపోతుంది. మళ్లీ పట్టుకుంటాడు. కాలివేలు తీసి చేతికి పెడతామన్నా ఒప్పుకోలేదు. నన్ను మాత్రం ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

ఆదోని మిల్లుల్లో, మా పల్లెల్లో చొప్ప మిషన్ల దగ్గర చేతులు పెట్టేవాళ్లకు నా మనవి. వేలు తెగితే, దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి, నీళ్లు చొరబడకుండా మూతి బిగించండి. ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో ఉంచండి. ఐసు వేలికి తగలనివ్వకండి. దారిలో ఏ ఆసుపత్రి దగ్గర ఆగినా మూత తీసి చూపించండి.