ఎముక కట్టే చోట నేను

నేను జింకు అయాన్ని. రెండు ధనావేశాలు నా ఆస్తి. నువ్వుల్లోంచి ఒక పిల్లవాడి పేగుల్లోకి, అక్కణ్నుంచి నెత్తుట్లోకి, చివరికి ఎముక కట్టే కణం దాకా వచ్చాను. ఆ కణం పైపొరను అంటుకుని ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైములో నాకు చోటు దొరికింది. నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఇంకో జింకు, దాపునే ఒక మెగ్నీషియం. కాడికి ఒంటెద్దును కడితే దుక్కి సాగదు. మా ఇద్దరిదీ అంతే.

మేం తెంచేది ఫాస్ఫేట్ ఎస్టర్లను. మిథైల్ ఫాస్ఫేట్ లాంటిదాన్ని ఊరికే నీళ్లలో వదిలేస్తే, 25 డిగ్రీల దగ్గర అందులో సగం తెగడానికి లక్ష కోట్ల ఏళ్ల పైనే పడుతుందని శాస్త్రవేత్త వుల్ఫెండెన్ బృందం 2003లో లెక్కగట్టింది. భూమి వయసే 450 కోట్ల ఏళ్లు! ఎస్టరు మీది ఋణావేశాలు దగ్గరికొచ్చే హైడ్రాక్సైడ్‌ను తరిమేస్తాయి మరి.

ఎంజైములో మేం కూర్చున్న గుంతలో ఆ ఆవేశాలు మాతో సర్దుకుంటాయి. అవతలి జింకు ఎంజైములోని సెరీన్ ఆక్సిజన్‌ను పదునుపెట్టి ఫాస్ఫరస్ మీదికి పంపుతుంది. రెండో వైపు బంధం తెగుతుంటే, విడిపోయే ఆక్సిజన్ మీద పేరుకునే ఆవేశాన్ని నేను మోస్తాను. ఫాస్ఫేట్ సెరీన్‌కు అతుక్కుంటుంది. అప్పుడు పాత్రలు మారతాయి. ఒక నీటి అణువు నన్ను చేరి, నా లాగుడుకి ప్రోటాన్‌ను వదిలేసి హైడ్రాక్సైడ్ అవుతుంది. ఈసారి దెబ్బ నా వైపు నుంచి. సెరీన్‌ను ఆదుకోవడం అవతలి జింకు వంతు. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇదే.

గట్టిపడే ఎముకలో ఇలాంటి ఎంజైము ఉందని లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ రాబిసన్ 1923లో చూపించాడు. ఎముకకు మా పెద్ద సాయం పైరోఫాస్ఫేట్‌ను తెంచడం. అది ఉన్నంతసేపూ కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పెరగవు.

మాలో కొందరం నెత్తుట్లోకీ జారతాం. ల్యాబులో పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ ఇస్తే తెంచి పసుపు రంగు తేలుస్తాం. రిపోర్టులో ఏఎల్‌పీ అని ఉండే అంకె అదే. ఎదిగే పిల్లల్లో అది పెద్దవాళ్ల కంటే ఎక్కువే ఉంటుంది, తల్లులు కంగారుపడనక్కర్లేదు. ఊదా మూత గొట్టంలో పడితే మాత్రం అందులోని ఈడీటీఏ నన్ను గుంతలోంచి లాగేసుకుంటుంది. అంకె పడిపోతుంది, ఎముకలు మెత్తబడే హైపోఫాస్ఫటేషియా జబ్బేమో అనిపిస్తుంది. ఏఎల్‌పీ మరీ తక్కువగా వస్తే, నెత్తురు ఏ గొట్టంలో పట్టారో ముందు అడగండి.