ఆవు, కుక్క, ఎంటెక్

లెక్కల బుర్రలున్న ఎంటెక్ పిల్లలకు ఇకనుంచి బిజినెస్ స్ట్రాటజీ కూడా తప్పదట. సంతోషం. ఇన్నాళ్లూ డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో కుస్తీ పట్టి అలిసిపోయిన పిల్లలు, నాలుగు గడులు గీసుకుని కాస్త సేదతీరతారు.

ఆ గడులు 1970లో బోస్టన్‌లోని కన్సల్టింగ్ కంపెనీ నుంచి బ్రూస్ హెండర్సన్ గారు లోకానికి ప్రసాదించినవి. నిలువునా మార్కెట్ పెరుగుదల, అడ్డంగా మన వాటా. ఒక గడిలో నక్షత్రం, ఒకదాంట్లో ప్రశ్నార్థకం, ఒకదాంట్లో పాడి ఆవు, మూలన కుక్క. ఆవును పిండుకోవాలి, కుక్కను తరిమేయాలి.

మరి గీత ఎక్కడ? మామూలుగా పది శాతం దగ్గర గీస్తారు. వాటా తక్కువున్న సరుకు 10.1 శాతం పెరిగే మార్కెట్‌లో ఉంటే ప్రశ్నార్థకం, దాని మీద ఆశ పెట్టుకోవచ్చు. 9.9 అయితే కుక్క. పదే ఎందుకు? మనిషికి పది వేళ్లున్నాయి కనక కాబోలు! కొలతలో తేడా ఎంత ఉండొచ్చని స్టాటిస్టిక్స్ అమ్మాయి ఎవరైనా అడిగితే, "అక్కడే అమ్మా అనుభవం కావాలి" అంటారు.

అసలు మార్కెట్ అంటే ఏది? ఖరీదైన సబ్బుపొడులు మాత్రమే అనుకుంటే హిందుస్థాన్ లీవర్ వాళ్ల సర్ఫ్‌కు తిరుగే లేదు. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ సైకిల్ మీద తిరిగి అమ్మిన చౌక పొడి నిర్మా ఆ మార్కెట్ హద్దుకు అవతలే పెరిగింది. లీవర్ వాళ్లు ఆలస్యంగా కళ్లు తెరిచి వీల్ అనే చౌక పొడి తెచ్చుకున్నారు.

ఇక పోటీని అంచనా వేయడానికి నేర్పే పోర్టర్ గారి ఐదు శక్తులు సరేసరి. ఆయన భాగస్వామిగా పెట్టిన మానిటర్ కంపెనీ 2012లో దివాలా తీసింది.

నవ్వులాట చాలు. ఒక సరుకును కుక్క అన్నాక ఏం చేస్తారు? ప్రకటనలు ఆపేస్తారు, పనిమంతుల్ని వేరే చోటికి తీసుకుపోతారు, యంత్రాలకు మరమ్మతులు మానేస్తారు. రెండేళ్లకు అది నిజంగానే చతికిలబడుతుంది. చూశారా, ముందే చెప్పాం కదా అంటారు! జనం ఉద్యోగాలు ఊడగొట్టి దానికి విశ్లేషణ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

విశ్లేషణ ఎలా తప్పుతుందో ఇంకో కథ చూడండి. హోండా మోటార్‌సైకిళ్లు అమెరికాను గెలిచింది భారీ ఉత్పత్తితో, చౌక ధరతో అని 1975లో హెండర్సన్ గారి బోస్టన్ కంపెనీ వాళ్లే బ్రిటిష్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. 1984లో రిచర్డ్ పాస్కేల్ హోండా మనుషుల్నే అడిగి వేరే కథ రాశాడు. 1959లో లాస్ ఏంజెలెస్ వెళ్లినప్పుడు వాళ్ల ఆశంతా పెద్ద బళ్ల మీదే. అవి ఆయిలు కారాయి, క్లచ్‌లు పోయాయి. వాళ్లు తమ సొంత పనులకు తిరిగే 50 సీసీ బండే జనం కంటపడి దారి చూపింది.

ఈ రెండు కథల్లో దేన్ని నమ్మాలి, ఏ ఆధారంతో? లెక్కలొచ్చిన పిల్లలకు నేర్పాల్సింది అది. అందుకు ప్రొఫెసర్ గారు చెమటోడ్చాలి మరి. గడులకైతే సుద్దముక్కతో రెండు గీతలు చాలు.