క్యాలెండర్‌లో నా ఇంటూలు

మగవాడికి తలనొప్పి వచ్చిందంటే ఇంట్లో ఎవరూ నమ్మరు. మీ ఇంట్లో నమ్ముతారా? అయితే మీరు పెట్టి పుట్టినారు. మంత్రాలయంలో మా ఇంట్లో మాత్రం "పొద్దస్తమానం ఫోను చూస్తే రాక ఏమవుతాది" అనేదే ప్రథమ చికిత్స.

నాది మైగ్రేన్. తలలో ఒక పక్కే పోటు, వెలుతురు పడదు, వాంతి. ఏకాదశి ఉపవాసం ఉన్నానంటే తప్పకుండా దిగబడుతుంది. మా ఆవిడ అదే ఉపవాసం మంచినీళ్లు కూడా ముట్టకుండా చేసి, మరునాడు పారణకు వంట కూడా చేస్తుంది. ఆమె తల మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

ఆదోనిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. "బీపీ, గుండె జబ్బు ఏమైనా ఉన్నాయా?" అని అడిగినాడాయన.

"అట్లాంటివేం లేవు సార్," అన్నాను ఛాతీ విరిచి.

"బీపీ ఉంది సార్. మాత్రలు బీరువా మీద దాచిపెట్టినారు," అంది పక్కనుంచి.

సుమాట్రిప్టాన్ అనే మాత్ర రక్తనాళాలను బిగిస్తుందట. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు పనికిరాదట. అందుకని ముందు బీపీ మాత్రలు, నొప్పికి పారాసిటమాల్, వాంతికి ఇంకొకటి. బీపీ దారికొచ్చినాకనే సుమాట్రిప్టాన్ 50 మిల్లీగ్రాములు రాసిచ్చినాడు. "నొప్పి మొదలవుతుండగానే వేసుకోవాల. ముదిరితే కడుపు మందగించి మాత్ర ఒంటికి పట్టదు" అని మరీ మరీ చెప్పినాడు, నాకు కాదు, ఆమెకు.

నాకేమో ఓర్చుకోవడంలో ఒక గొప్ప. ఇంతదానికే మాత్రా అని మీసం తడుముకుంటూ కూర్చుంటాను. కాసేపటికి బకెట్టు ముందు కూర్చుంటాను.

ఒకసారి ఎమ్మిగనూరులో జాతరకు పోయినప్పుడు, ఆ ఎండకు, డప్పులకు మళ్లీ మొదలైంది. ఈసారి బుద్ధిగా వెంటనే మాత్ర వేసుకున్నా. కాస్త తగ్గి సాయంత్రం మళ్లీ లేచింది. మా బామ్మర్ది జేబులో ఎప్పుడూ ఏదో ఒక మాత్ర ఉంటుంది. "ఇది వేసుకో బావా, దెబ్బకు దిగుతాది" అన్నాడు. నోరు తెరిచాను. బైపీసీ చదివే మా కూతురు చెయ్యి పట్టుకుంది.

"ఇందులో ఎర్గోటమిన్ ఉంది నాన్నా! పొద్దున నీ మాత్ర వేసుకున్నావు కదా. రెండిటికీ మధ్య 24 గంటలు ఉండాల."

తెరిచిన నోరు ఆవులింతగా మార్చుకున్నాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. సుమాట్రిప్టాన్ నెలలో 10 రోజులు, ఉత్త పారాసిటమాల్ అయితే 15 రోజులు, అంతకు పైన నెలల తరబడి వాడితే ఆ మాత్రే కొత్త తలనొప్పి తెస్తుందట! అందుకని మా ఆవిడ నేను మాత్ర వేసుకున్న రోజల్లా క్యాలెండర్‌లో ఎర్ర ఇంటూ పెడుతుంది. అందులోనే పాలు రాని రోజులకు సున్నాలు.

నెలాఖరుకు పాలబ్బాయి లెక్కకొచ్చి, క్యాలెండర్ చూసి లబోదిబోమన్నాడు. "అమ్మా, నేను ఇన్ని నాగాలు పెట్టలేదమ్మా!"

"ఆ ఇంటూలు నీవి కాదులే, మా ఆయనవి."

వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఈయనకు మాత్రం జీతం కొయ్యవా అమ్మా?" అన్నాడు.