తిప్పి చూస్తేనే కదా తేడా!

పందుల కబేళాల్లో తనిఖీకి పాత జబ్బొకటి ఉంది. ఊపిరితిత్తి పొర పక్కటెముకలకు అంటుకుపోయింది, రాసుకోండంటాడు ఒక ఇన్‌స్పెక్టరు. అలాంటిదే చూసి ‘ఏముందండీ, పోనివ్వండి’ అంటాడు పక్క షిఫ్టాయన. కాలేయం మీద నులిపురుగుల పిల్లలు పాకిన తెల్లమచ్చలు ఒకరికి కనిపిస్తాయి, మరొకరికి కనిపించవు. శిక్షణ, మంచి వెలుతురు, ఇద్దరి తీర్పులూ పక్కపక్కన పెట్టి సరిచూడడం... ఇవన్నీ ఖర్చుతో కూడిన వైద్యాలు. అమెరికా వ్యవసాయ శాఖ చౌక మందు కనిపెట్టింది.

2019లో తెచ్చిన కొత్త పద్ధతిలో చేరిన కబేళాల్లో, లైను దగ్గర ఏడుగురి దాకా ఉండే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ముగ్గురయ్యారు. తలకొకరు, పేగులకొకరు, మొండేనికొకరు. గంటకు 1,106 పందులన్న పాత పరిమితినీ ఎత్తేశారు. ఆ పాత వేగానికే లెక్కేసినా పందికి మూడు సెకన్ల చిల్లర. వంకాయ పుచ్చిందేమోనని తిప్పి చూడడానికి మన ఇళ్లలో ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఇంత వేగంలో అభిప్రాయభేదాలకు తావేదీ? చూసినవాళ్లే తగవు పడతారు. చూడనివాళ్లది ఎప్పుడూ ఏకగ్రీవమే.

మరి దవడ కింద బిళ్లలు కోసి చూసేదెవరు? జబ్బు పందిని ముందే పక్కకు తీసేదెవరు? కంపెనీ జీతగాళ్లు. వాళ్లకు ఫలానా శిక్షణ ఉండి తీరాలన్న షరతు నిబంధనలో లేదు. పందిని పారేస్తే నష్టం, లైను ఆపితే మరింత నష్టం అనుకునే యజమానే వాళ్లకు జీతమిస్తాడు. పైగా చెడ్డ సరుకు ముందే తీసేస్తారు గనక ఇన్‌స్పెక్టరు చిట్టా చిక్కిపోతుంది. చిట్టా చిక్కింది గనక పద్ధతి భేషు!

దేశం మీదికి వదిలే ముందు దీన్ని 5 కబేళాల్లో ఏళ్ల తరబడి నడిపి చూశారు లెండి. 2013లో ఆ శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే లెక్క తీసింది. 600కు పైగా పంది కబేళాల్లో అత్యధికంగా తప్పులు నమోదైన పదింటిలో 3 ఈ అయిదింటిలోవే. అయినా తలుపులు బార్లా తెరిచారు.

2021 మార్చిలో మిన్నెసోటా ఫెడరల్ కోర్టు వేగ పరిమితిని ఎత్తేసిన నిబంధనను కొట్టేసింది. మాంసం సంగతి కాదు, కత్తి పట్టే కార్మికుల భద్రతను శాఖ పట్టించుకోలేదని. అదే ఏడాది నవంబరులో శాఖ ‘ప్రయోగం’ అన్న పేరు పెట్టి, కొన్ని కబేళాలు మళ్లీ వేగం పెంచుకునేందుకు దారి చూపింది. ఇన్‌స్పెక్టర్లు మాత్రం ముగ్గురే.