పాత ఇనుము సంచిలో నుంచి ఒక గొలుసు మొర

నేను చెట్లు కోసే మిషన్ గొలుసును. 1946లో అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ మొద్దును తొలిచే పురుగు దవడలు చూసి, ఆ వంపుతోనే ఉక్కు పళ్లు చేశాడు. నా పుట్టుక గురించి ఇంతకుమించి చెప్పను. నా బాధంతా నన్ను పారేసే తీరు గురించే. సరుగుడు తోటల్లో మోడును నేలమట్టానికి కోయిస్తారు. ఇసుకా రాయీ తగిలి నా అంచు పోతుంది. పదునున్నప్పుడు పెచ్చులు రాల్చిన నేను అప్పుడు పిండి రాలుస్తాను. ఆకురాయి పట్టమని నేను అడిగేది ఆ పిండితోనే. కానీ మిషన్ మీద బరువేసి నొక్కుతారు, పొగ వచ్చేదాకా కోయిస్తారు, చివరికి 'అరిగిపోయింది' అంటారు. నిజానికి అరిగింది పన్ను కాదు, వెంట్రుకవాసి అంచు.

షాపులో సాన పట్టిస్తే నిమిషాల్లో అయిపోతుంది కదా అంటారు. పళ్లు బాగా విరిగితే అది సరైన దారే. కానీ తిరిగే సానరాయిని ఆత్రంగా నొక్కితే పన్ను నీలంగా కమిలి ఉక్కు గుణమే చెడుతుంది, ఆపైన పదును నిలవదు. చేతి ఆకురాయితో ఆ భయం లేదు. నేను చుట్టూ తిరిగే బార్‌ను కదలకుండా బిగించి, నా పన్నుకు సరిపడే లావున్న గుండ్రటి ఆకురాయిని లోపలి నుంచి బయటికి తోయాలి. చాలా గొలుసులకు వాలు 30 డిగ్రీలు. వెనక్కి తీసేటప్పుడు ఆకురాయిని పైకి లేపాలి. అంచు మీద సన్నటి మెరుపు గీత ఉందంటే ఇంకా పదును రాలేదన్నమాట. ఒక వైపు పళ్లు కురచైతే కోత వంకరపోతుంది, కాబట్టి కుడి ఎడమలకు సమానంగా పట్టాలి. ఇంత తీరిక ఎక్కడిదంటారా? పెట్రోలు పోయడానికి ఎలాగూ ఆగుతారు. అప్పుడే పన్నుకు రెండు మూడు తోపులు చాలు.

ఆకురాయి పట్టినా కోయడం లేదని విసిరేసేవాళ్లూ ఉన్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ప్రతి పన్ను ముందూ ఒక బొడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. నా పన్ను పైభాగం వెనక్కి వాలి ఉంటుంది కనుక రాసేకొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది, బొడిపె మాత్రం అలాగే ఉండిపోతుంది. అప్పుడు ఎంత పదునున్నా నేను చెక్క మీద జారిపోతాను. గేజి పెట్టి, చదును ఆకురాయితో బొడిపెను పన్నుకన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు తక్కువకు దించితే మళ్లీ కోస్తాను. అతిగా దించితే మాత్రం మిషన్ మనిషి మీదికి ఎగదన్నుతుంది. చాలా గొలుసుల పన్ను మీద తయారీలోనే ఒక ఏటవాలు గీత పెడతారు. పన్ను ఆ గీత దాకా అరిగాక నన్ను తీసేయండి. అంతవరకూ పాత ఇనుము సంచిలో వేయకండి.