గడ్డిచామంతి మీద ఎందుకండీ అంత కక్ష!

మా రోజుల్లో ద్రాక్షారామంలో ఇళ్ల ముందు మట్టి ఉండేది. ఇప్పుడు సిమెంటు చప్టాలు, పేవర్ టైల్స్. వాటి సందుల్లోంచి గడ్డిచామంతి రెండాకులు పైకెత్తిందంటే చాలు, గడ్డిమందు సీసా బయటికి తీస్తారు. "ఏంటి మాస్టారూ, మీ గేటు దగ్గర పిచ్చిమొక్కలు పీకించరా?" అని దారిన పోయేవాళ్లు ఆగి మరీ అడుగుతారు. పీకించను.

ఈ ఆకుతోనే మేం పలకలు తుడుచుకున్నాం. కాలవగట్టు మీద పడి మోకాలు చెక్కుకుపోతే ఈ పసరే పిండేవారు. కాడ మెలేసి పువ్వు ఎగరగొట్టి, రావణాసురుడి తల తెగిందని కేకలు పెట్టేవాళ్లం. ఇప్పటి పిల్లలకి దీని పేరే తెలీదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కే ఇది, ఒప్పుకుంటాను. మన సీతాకోకచిలుకలకి ఆ పట్టింపు లేదు.

ఎండెక్కాక ఒక్క పువ్వు దగ్గర కూర్చుని చూడండి. జానెడు కాడ. చుట్టూ నాలుగైదు తెల్ల రేకలు, ఒక్కో రేక చివర మూడు నొక్కులు. మధ్యలో పచ్చగా కనబడేదంతా గొట్టాల్లాంటి బుల్లి పూల గుంపు. అంచు నుంచి లోపలికి వరసగా విచ్చుకుంటాయవి. ఒక్కోదాంట్లో తేనె పిసరంతే. అందుకని సీతాకోకచిలుక వాలి, చుట్ట చుట్టుకున్న నాలుక చాపి, ఒకదాని తర్వాత ఒకటి తడుముతూ పువ్వు మీదే మెల్లగా తిరుగుతుంది. ఆ కాస్త బరువుకే కాడ ఊగిపోతుంది.

మా గేటు దగ్గరికి గోరంత నీలివి వస్తాయి, పసుపుపచ్చవి వస్తాయి. నారింజరంగు రెక్కల కొసల్లో నలుపు మీద తెల్లచుక్కలున్నవీ వస్తాయి. కొమ్మకి చిన్న పట్టు కట్టే బుల్లి తేనెటీగలూ వస్తాయి. క్రోటన్ కుండీలు పేర్చుకున్న ఇళ్ల ముందు ఒక్కటీ ఆగదు.

ఆ నారింజరంగుది గుడ్లు పెట్టేది జిల్లేడు మీద. ఆ ఆకు తిన్న పురుగుకి విషం ఒంటబట్టి, పిట్టలు దాని జోలికి పోవు. మా రోజుల్లో రథసప్తమికి ఏడు జిల్లేడాకులు వీధి చివరే దొరికేవి. ఇప్పుడు బజార్లో కొంటున్నారు! భీమేశ్వరుడికి దళాలు కోసే మారేడు మీద పచ్చపురుగు కనబడితే నలిపేస్తున్నారు. అదీ నాలుగురోజులు పోతే రెక్కలొచ్చేదేనండీ.

2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ అనే గడ్డిమందు వాడకాన్ని పురుగుల నివారణ లైసెన్సున్నవాళ్లకే పరిమితం చేసింది. మావాళ్లకి అవేం పట్టవు. ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టేస్తున్నారు. మా పెద్దలూ గట్లు చెక్కేవారు, కాదనను. కానీ పారతో చెక్కితే వేరు మిగిలేది, వాన పడగానే మళ్లీ లేచి పూసేది. మందుకి వేరుతో సహా మాడిపోతోంది.

ఒరే అబ్బాయిలూ, కాలవగట్టుకి ఈ పక్కంతా ఎలాగూ కొట్టేశారు. ఆ పక్క వదిలెయ్యండి.