కవితల పోటీ ప్రకటన: టీకా తాత్పర్య సహితం

కవితల పోటీ ప్రకటన ఆరు వాక్యాల లఘు గ్రంథం. మాఘం ముగిసేసరికి హైదరాబాదు మొదలు డాలస్ దాకా తెలుగువాళ్లు నలుగురు చేరిన ప్రతిచోటా ఇది వెలువడుతుంది. సంస్థ పేరు, అధ్యక్షుడి ఫొటో మారతాయి. ఆరు వాక్యాలు మారవు. కర్త ఎవరో ఎవరికీ తెలియదు కనుక దీన్ని అపౌరుషేయం అనవచ్చు. నోటి నుంచి చెవికి కాక ఫోను నుంచి ఫోనుకు వస్తున్నది కనుక శ్రుతి అనడానికి మాత్రం వీల్లేదు, ‘ఫార్వర్డ్’ అనాలి. ప్రచారంలో ఉన్న పాఠం ఇది.

మూలం

ఉగాదిని పురస్కరించుకొని నిర్వహించు ఉచిత అంతర్జాతీయ కవితల పోటీకి కవులందరూ ఆహ్వానితులే. ప్రవేశ రుసుము లేదు. కవిత 30 పంక్తులకు మించరాదు. హామీ పత్రం తప్పనిసరి. అజ్ఞాత న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

అవతారిక

మెతుకుసీమకు చెందిన కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసినప్పుడు ఆధారం లేని మాట రాయననీ, అక్కరలేని మాట చెప్పననీ రెండు నియమాలు పెట్టుకున్నాడు. ప్రస్తుత టీక మొదటి నియమాన్ని పాటిస్తుంది.

ప్రతిపదార్థం

కవితల = స్పష్టం. పోటీకి = స్పష్టం.

ఉచిత = ఈ పదం దగ్గర ఆగాలి. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. తెలుగులో ఊరికే వచ్చేది. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు మొదటి అర్థం మీద ఔచిత్య విచార చర్చ అనే గ్రంథమే రాశాడు. పదం, వాక్యం, గుణం, అలంకారం, రసం, క్రియ, కారకం, లింగం, వచనం, ఉపసర్గ, కాలం, దేశం అంటూ ఔచిత్యం ఉండవలసిన చోట్లు 27 లెక్కపెట్టాడు. మెడలో వేసుకోవలసిన హారం నడుముకు, నడుముకు పెట్టవలసిన మొలనూలు మెడకు తగిలిస్తే నవ్వరా అన్నది ఆయన తర్కం. చిన్న ఉపసర్గ ఒకటి చోటు తప్పితే పద్యం ఎంత చెడుతుందో ఆయన పద్యం ముందు పెట్టుకుని చూపించాడు. ఆయన ఎత్తిచూపిన వేలి నుంచి కాళిదాసు కూడా తప్పించుకోలేదు. ఇక్కడ గమనించవలసింది ఒకటే. ఫలానా పద్యంలో ఫలానా చోట ఫలానా దోషం అని చెప్పి ఆయన తన పేరు కింద పెట్టుకున్నాడు. ఈ సంగతి ముందు ముందు పనికి వస్తుంది.

రుసుము లేనిది ఉచితమైతే రుసుము పెట్టిన పోటీ అనుచితం కావాలి. వ్యాకరణం ఒప్పుకుంటుంది, నిర్వాహకులు ఒప్పుకోరు. రుసుము లేనిదల్లా తగినదీ కాదు. కిందటి శతాబ్దం చివర అమెరికాలో ఒక సంస్థ పైసా తీసుకోకుండా కవితల పోటీలు నడిపింది. కవిత పంపినవాళ్లకల్లా సెమీఫైనల్‌కు ఎంపికయ్యారని ఉత్తరం వచ్చేది. కవిత అచ్చయ్యే సంకలనం మాత్రం దాదాపు 50 డాలర్లు. ఆ పోటీని పరీక్షించడానికి ఒకాయన వెర్గల్ ఫ్లాంప్ అనే దొంగపేరుతో శుద్ధ అర్థరహితమైన కవిత పంపాడు. అదీ నెగ్గుకొచ్చింది. ఆ పేరే పెట్టుకుని తరువాత నిజంగానే ప్రవేశ రుసుము లేని హాస్య కవితల పోటీ ఒకటి వెలిసింది. ఉచితం రెండు అర్థాల్లోనూ సాగుతున్న పోటీ కూడా ఉంది. లండన్‌లోని పొయెట్రీ సొసైటీ 1998 నుంచి 11–17 ఏళ్ల పిల్లలకు నడుపుతున్న ఫాయిల్ పోటీకి రుసుము లేదు, ఏ దేశపు పిల్లలైనా రాయవచ్చు, ఏటా 100 మందిని ఎంచుతారు.

మన పోటీలో కవి ఉచితంగా రాస్తాడు, న్యాయనిర్ణేత ఉచితంగా చదువుతాడు, సమన్వయకర్త నిద్ర మానుకుని ఉచితంగా చాకిరీ చేస్తాడు. డబ్బు ముట్టేది హాలువాడికి, శాలువాలు అమ్మినవాడికి, ఫ్లెక్సీ వేసినవాడికి. ఫ్లెక్సీ మీద కవిత ఉండదు.

అంతర్జాతీయ = జాతుల మధ్య జరిగేది. ఛందశ్శాస్త్రంలో జాతులంటే కందం, ద్విపద, తరువోజ మొదలైనవి. కనుక ఇది కందానికీ ద్విపదకూ మధ్య పోటీ అని అర్థం రావాలి. సీసం, ఆటవెలది, తేటగీతి ఉపజాతులు, వాటికి ప్రవేశం లేదు. ఉత్పలమాలలు, చంపకమాలలు వృత్తాలు, అవి గడప బయటే నిలబడాలి. ఈ అన్వయం నిర్దుష్టమే కాని, ‘పద్యాలు పరిశీలించబడవు’ అనే పాఠాంతరం దీన్ని ఖండిస్తున్నది. కాబట్టి రూఢ్యర్థమే శరణ్యం: నిర్వాహకుల్లో ఒకరి అబ్బాయి న్యూజెర్సీలో ఉన్నాడని అర్థం. అబ్బాయి కవిత రాయనక్కరలేదు, బహుమతి ప్రదానం నాడు జూమ్‌లో కనిపిస్తే చాలు.

కవులందరూ ఆహ్వానితులే = ఏవకారం చేత ఆహ్వానం మాత్రమే సూచితం.

30 పంక్తులు = పద్యంలో పాదం ఎక్కడ ముగియాలో గణాలు చెబుతాయి. వచన కవితలో ఎంటర్ మీట చెబుతుంది. 45 పంక్తుల కవితలో పదిహేనుసార్లు ఆ మీట నొక్కడం మానితే 30 పంక్తులు మిగులుతాయి. కవిత పొట్టి కాదు, లావు అవుతుంది.

హామీ పత్రం = ఈ రచన సొంతం, అనువాదమూ కాదు, అనుకరణా కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని కవి సంతకం చేసి ఇచ్చే కాగితం. ఈ కాగితం మీద నన్నయ సంతకం పెట్టలేడు. తిక్కన, ఎర్రన కూడా పెట్టలేరు. ఆంధ్ర మహాభారతం మొత్తం మొదటి పరిశీలనలోనే తిరస్కృతం. ఇక అనుకరణ అనే మాట అంత తేలిగ్గా తెగేది కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో అర్థహరణాన్ని విడదీసి ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశం అని పేర్లు పెట్టాడు. అద్దంలో నీడలా దింపినది మొదటిది. బొమ్మ గీసినట్టు కాస్త మెరుగు పెట్టినది రెండోది. పోలికలు కలిసిన వేరు మనిషిలాంటిది మూడోది. పరాయి ఊళ్లో కొత్త కాపురం పెట్టినట్టు మూలం ఒకటై, ముస్తాబంతా మారిపోయినది నాలుగోది. మొదటిదాన్ని విడిచిపెట్టమన్నాడు గాని, దొంగ కాని కవి ఉన్నాడని మాత్రం ఆయన నమ్మలేదు. హామీ పత్రం నమ్ముతుంది.

అజ్ఞాత = జ్ఞాతం కానిది, నఞ్ సమాసం. ‘అజ్ఞ’ అన్న పాఠాంతరం పోటీలో ఓడినవారు కల్పించినది, ప్రాచీన ప్రతుల్లో లేదు. తేలవలసిన ప్రశ్న వేరే ఉంది: ఎవరికి ఎవరు తెలియకూడదు?

తెలుగు కవికి పేరు దాచుకునే అలవాటు ఎన్నడూ లేదు. కావ్యం మొదట వంశవర్ణన, తరువాత కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు, ప్రతి ఆశ్వాసం చివర గద్యలో మళ్లీ తండ్రి పేరు, తన పేరు, బిరుదులు. ఆశ్వాసాలు ఎనిమిదైతే పేరు ఎనిమిదిసార్లు. శతకకారుడికి మకుటం, వాగ్గేయకారుడికి ముద్ర. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు కనిపిస్తే కర్త ఎవరో వేరే చెప్పనక్కరలేదు. త్యాగరాజు చరణంలో పేరే పెట్టుకున్నాడు. గజల్ రాసేవారు ఆఖరి షేర్‌లో తఖల్లుస్ పెడతారు. ‘రచనపై ఎక్కడా పేరు ఉండరాదు’ అనే నియమం పెడితే మొట్టమొదట పోటీ నుంచి బయటికి పోయేది వేమన. పద్యం పద్యానికీ పేరు రాసుకున్నాడు, ఒక్కటీ నిలవదు. సుమతీ శతకం మాత్రం నిలుస్తుంది: మకుటంలో కవి పేరు లేదు, కర్త బద్దెన అవునా కాదా అని పండితులే తేల్చుకోలేదు. అజ్ఞాత పోటీకి అంతకంటే అర్హమైన గ్రంథం లేదు. మాఘుడు ఇంకొక దారి తొక్కాడు. శిశుపాలవధ 19వ సర్గ చివర చక్రబంధం వేసి, అందులో తన పేరు, కావ్యం పేరు దాచాడు. చక్రం గీసి ఆకులు లెక్కపెట్టే న్యాయనిర్ణేత దొరికితేనే మాఘుడు పట్టుబడతాడు.

ఇంత శ్రమ ఈనాటి కవికి లేదు. కవితలు సమన్వయకర్తకు చేరే తీరు ఇది. ఒకరు అను ఫాంటులో పంపుతారు. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. ఒకరు నోటుబుక్కు పేజీని ఫొటో తీసి పంపుతారు, అడుగున బొటనవేలు. ఇంకొకరు కవిత పైన సన్మానం శాలువా కప్పుకున్న ఫొటో, కింద సెల్ నంబరు పెడతారు. సమన్వయకర్త అర్ధరాత్రి దాకా కూర్చుని ఫొటోలు కత్తిరించి, నంబర్లు చెరిపి, పేర్లు తీసి, కవితలకు వరస సంఖ్యలు వేసి న్యాయనిర్ణేతలకు పంపుతాడు. ఫైలు పేరు మాత్రం మార్చడు. అందులో కవి ఇంటిపేరు, ఊరు, ‘ఫైనల్ 2’ అని ఉంటుంది.

శంక: ఫైలు పేరు కూడా మారిస్తే సరిపోదా?
సమాధానం: పూర్తిగా సరిపోదు. శిష్యుడి గొంతు గురువుకు చీకట్లో కూడా తెలుస్తుంది. 2004 నాటి నుంచి అమెరికాలో కవితల పుస్తకాల పోటీల్లో గురువులే శిష్యులను ఎంచుతున్నారని పెద్ద రచ్చ జరిగింది. దాని తరువాత, తమకు దగ్గరివారు పోటీలో ఉంటే న్యాయనిర్ణేతలు పక్కకు తప్పుకోవాలనే నియమాలు వచ్చాయి. అయినా పేరు దాచడం వ్యర్థం కాదు. పొయెట్రీ సొసైటీవారే 1978 నుంచి నడుపుతున్న జాతీయ పోటీలో కవుల పేర్లు తీసేసి చదువుతారు. అలా చదివినా జో షాప్‌కాట్ రెండుసార్లు గెలిచింది. అక్కడ రుసుము ఉంది. న్యాయనిర్ణేతల పేర్లు మాత్రం ముందే ప్రకటిస్తారు.

అన్వయదోషం ఇక్కడ బయటపడుతున్నది. ‘అజ్ఞాత’ కవికి విశేషణం కావలసిన పదం. మూలంలో అది జారి న్యాయనిర్ణేతకు అంటుకుంది. హారం నడుముకు, మొలనూలు మెడకు. ఫైలు పేరు పుణ్యమా అని కవి ఇంటిపేరు, ఊరు న్యాయనిర్ణేతకు తెలుసు. న్యాయనిర్ణేత ఎవరో కవికి తెలియదు.

న్యాయనిర్ణేతలది = చదివేవారిని నాలుగు రకాలుగా చెప్పినదీ రాజశేఖరుడే. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నీ మేసేవాడు సతృణాభ్యవహారి. కుళ్లుబోతు మత్సరి. రచన లోపలి తత్త్వం పట్టుకునేవాడు తత్త్వాభినివేశి. ఆఖరివాడు వేలల్లో ఒకడు. పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతలు ఉంటారు కనుక మొదటి మూడు రకాలూ సరిగ్గా సరిపోతాయి. పూర్వం శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి కంచుఢక్క పగలగొట్టించాడని ప్రసిద్ధి. డిండిముడికి ఢక్క పోయింది గాని, ఎవరి ఎదుట ఎవరి చేతిలో ఓడాడో తెలియకపోలేదు. ఈనాటి కవికి ఆ మాత్రం ఓటమి కూడా దక్కదు. ఫలితాల జాబితాలో తన పేరు లేకపోవడం తప్ప వేరే కబురు ఉండదు.

తుది నిర్ణయం = గౌతముడి న్యాయశాస్త్రంలో పదార్థాలు 16. సంశయం మూడోది, తర్కం ఎనిమిదోది, నిర్ణయం తొమ్మిదోది. అంటే సందేహపడి, దృష్టాంతం చూసి, తర్కించి ఆ తరువాత తేల్చాలి. నిర్ణయం తుది కూడా కాదు, దాని వెనుక ఇంకా ఏడు ఉన్నాయి: వాదం, జల్పం, వితండ, హేత్వాభాసం, ఛలం, జాతి, నిగ్రహస్థానం. పోటీలో మొదటి ఎనిమిదింటికి వ్యవధి చాలదు. తరువాతి ఏడూ ఫలితాలు వచ్చిన సాయంత్రం వాట్సాప్ గుంపులో అదే వరసలో జరుగుతాయి. నిగ్రహస్థానం అంటే గుంపు నుంచి తీసివేయడం.

ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు = ఒకప్పుడు తగినన్ని స్టాంపులు అతికించిన సొంత చిరునామా కవరు జతచేస్తే, తిరుగు టపాలో కవిత అయినా ఇంటికి చేరేది. ఈమెయిల్లో వెళ్లిన కవితకు ఆ తిరుగు ప్రయాణం కూడా లేదు.

తాత్పర్యం

పైకం అడగని పోటీ మంచిదే. దేశాల సరిహద్దులు లేకపోవడం ఇంకా మంచిది. పేర్లు చూడకుండా చదవడం అన్నిటికంటే మంచిది. చేయవలసిన పని కూడా పెద్దది కాదు. కవి పేరు దాచాలి, ఫైలు పేరుతో సహా. న్యాయనిర్ణేతల పేర్లు పోటీకి ముందే చెప్పాలి. శిష్యుడిదో చుట్టందో అనిపించిన కవితను మరొకరికి అప్పగించాలి. ఆఖరి వడపోతకు నిలిచిన కవితలకైనా రెండు వాక్యాల అభిప్రాయం రాయాలి.

ఎందుకంటే మార్కుల కాగితం ఒకసారి చూస్తే అందులో గళ్లు మూడే: కవిత సంఖ్య, పదికి మార్కులు, సంతకం. 83వ కవితకు ఆరున్నర. ఆ అర మార్కు ఏ పంక్తికి వచ్చింది, మిగిలిన మూడున్నర ఏ మాట దగ్గర పోయాయి అన్నది ఆ కవికి కావలసిన ఏకైక సమాచారం. దానికి గడి లేదు. క్షేమేంద్రుడు ఉపసర్గ దగ్గర కూడా ఆగి చేసిన పని అదే. ఆరు వాక్యాల మూలంలో కవిత గురించి ఉన్నది దాని పొడవు ఒక్కటే. ఈ టీక కూడా ‘కవితల’ అనే పదాన్ని స్పష్టమని దాటవేసింది. వ్యాఖ్య మూలాన్ని అనుసరించాలి కదా.

గద్య

ఇది కవితల పోటీ ప్రకటనకు టీకా తాత్పర్యం, సర్వం ఏకాశ్వాసం. టీకాకారుడి పేరు, తండ్రి పేరు, బిరుదులు నియమానుసారం తీసివేయబడినవి. కావలసినవారు ఫైలు పేరులో చూసుకోవచ్చు.